ఉల్లిపాయను పక్కనపెట్టి లెక్క కడితే...

ధరలు పెరిగాయో తగ్గాయో తెలుసుకోవడానికి ఇల్లాలికి ఏ ప్రభుత్వ ప్రకటనా అక్కర్లేదు. నెల మొదట్లో రాసుకున్న వెచ్చాల చీటీ, నెలాఖరున పోపులడబ్బాలో మిగిలిన నోట్లు... ఆ రెండూ చాలు. అయినా కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా, సాధారణంగా 12వ తేదీన, ఒక అంకె విడుదల చేస్తుంది. ‘ద్రవ్యోల్బణం ఇంత శాతం’ అని మర్నాడు పేపర్లో వస్తుంది. దాని పక్కనే ఆర్థికవేత్తలు లెక్కగట్టిన మరో అంకె కూడా కనబడుతుంటుంది, ‘కోర్ ద్రవ్యోల్బణం’ అంటూ. మనకెందుకులే అని చాలామందిమి ఆ పేజీ తిప్పేస్తుంటాం.

నిజానికి మనకే కావాలి! ఇంటి అప్పు మీద నెలనెలా కట్టే వాయిదా, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును బ్యాంకులో వేసుకుంటే చేతికొచ్చే వడ్డీ... ఇవన్నీ ఆ అంకెలను చూసుకునే పెరుగుతూ, తరుగుతూ ఉంటాయి. అందులోనూ రెండో అంకె సంగతి మరీ విచిత్రం. అందులో ఉల్లిపాయ ఉండదు. బియ్యం, పప్పు, నూనె, పాలు, గ్యాసు బండ... ఏవీ ఉండవు. వంటిల్లు లేని ధరల లెక్కేమిటి? దాన్ని చూసి వడ్డీ నిర్ణయించాలని పెద్దపెద్ద వాళ్లే ఎందుకు అంటున్నారు? కాస్త నిదానంగా చూద్దాం.

బుట్టలో ఏముంది?

వినియోగదారుల ధరల సూచీ అంటే ఓ పెద్ద బుట్ట అనుకోండి. దేశంలో సగటు కుటుంబం వేటిమీద ఎంత ఖర్చు పెడుతుందో సర్వే చేసి, ఆ ప్రకారం సరుకులను, సేవలను అందులో వేస్తారు. ఎక్కువ ఖర్చుపెట్టే వాటికి ఎక్కువ బరువు, తక్కువ వాటికి తక్కువ బరువు. ఆ బుట్ట మొత్తం నిరుడు ఇదే నెలలో ఎంతకొచ్చేది, ఇప్పుడు ఎంతకొస్తోంది అని పోల్చి చూస్తే వచ్చేదే ద్రవ్యోల్బణం శాతం.

2012ను ఆధార సంవత్సరంగా పెట్టుకున్న సూచీలో మొత్తం నూరు పాళ్లలో ఆహార పదార్థాలకు 45.86 పాళ్లు ఇచ్చారు. వంటచెరకు, గ్యాసు, కరెంటు వగైరాలకు 6.84 పాళ్లు. ఈ రెండూ కలిపితే సగం దాటిపోయింది. వీటిని తీసేయగా మిగిలిన 47 పాళ్ల చిల్లరే ‘కోర్’. ఇంటద్దె, బట్టలు, చెప్పులు, స్కూలు ఫీజులు, డాక్టరు ఖర్చు, మందులు, బస్సు చార్జీలు, ఫోను బిల్లు, సబ్బులు, బంగారం... ఇవన్నీ అందులో ఉంటాయి.

ఇక్కడో తమాషా ఉంది. పొగాకు, పాన్, మద్యం ఆహారం కింద రావు, వాటికి వేరే పద్దు. కాబట్టి వంటింటి ఉల్లిపాయ కోర్ లోంచి పోయింది గానీ సిగరెట్టు మాత్రం నిక్షేపంగా ఉంది! అలాగే పొయ్యి మీదికి వాడే గ్యాసును ఇంధనమని తీసేశారు. స్కూటర్లో పోసే పెట్రోలు రవాణా ఖర్చుల్లో ఉంది కాబట్టి అది కోర్‌లోనే మిగిలింది. అందుకే కొందరు ఆర్థికవేత్తలు పెట్రోలు, డీజిలు కూడా తీసేసి మరోరకం కోర్ లెక్కగడతారు.

ఎందుకు తీసేస్తారు?

వంటిల్లంటే చిన్నచూపు కాదు, దీని వెనక ఓ తర్కం ఉంది. టమోటాలనే తీసుకోండి. 2023 జులైలో కిలో రెండు వందలు దాటిన ఊళ్లున్నాయి. వానలు, తెగుళ్లు కలిసొచ్చి పంట పోయింది. కొత్త పంట మార్కెట్టుకు రాగానే ధర దిగిపోయింది. ఇలాంటి పెరుగుదలకు కారణం జనం చేతిలో డబ్బు ఎక్కువై కాదు, సరుకు తక్కువై.

ఇప్పుడు వడ్డీ ఎలా పనిచేస్తుందో చూడండి. రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ (దాన్నే రెపో రేటంటారు) పెంచితే, బ్యాంకులు మనకిచ్చే అప్పుల వడ్డీ పెంచుతాయి. అప్పు ఖరీదైతే ఇల్లు కొనేవాళ్లు వెనకాడతారు, వ్యాపారి విస్తరణ వాయిదా వేస్తాడు, గిరాకీ చల్లబడుతుంది. అప్పుడు ధరలు నెమ్మదిస్తాయి. అయితే ఈ మందు ఒంటికి పట్టడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. టమోటా ధరేమో రెండు మూడు నెలల్లో తనంతట తానే దిగుతుంది. పైగా వడ్డీ పెంచినంత మాత్రాన మదనపల్లె తోటల్లో ఒక్క కాయ ఎక్కువ కాయదు కదా!

అంచేత, ఇట్టే ఎగిరి ఇట్టే దిగేవాటిని పక్కనపెట్టి, నిలకడగా పాకుతున్న ధరలేవో చూద్దామన్నదే కోర్ ఆలోచన. జ్వరం చూసేటప్పుడు ఎండలోంచి వచ్చిన పిల్లాడి నుదురు పట్టుకుని కంగారుపడకుండా కాసేపు ఆగి థర్మామీటరు పెట్టినట్టన్నమాట. ఇదొక్కటే పద్ధతి కూడా కాదు. కొన్నిచోట్ల సరుకులన్నింటినీ ధర మారిన శాతం ప్రకారం వరసగా నిలబెట్టి, బాగా ఎక్కువ పెరిగినవాటిని, బాగా తగ్గినవాటిని రెండు చివర్ల నుంచీ తీసేసి మిగిలినవాటి సగటు తీస్తారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ప్రతి నెలా ఇలాంటి లెక్క వేస్తుంది. అందులో ఆహారమా, నగలా అని చూడరు. ఈ నెలలో ఎవరు మరీ గంతులేస్తే వాళ్లు బయటికి, అంతే.

తీసేస్తూ పోతే...

ఈ లెక్క పుట్టిన కాలం 1970ల దశకం. 1973లో అరబ్బు దేశాల చమురు దెబ్బకు అమెరికాలో ధరలు భగ్గుమన్నాయి. అప్పట్లో అక్కడి కేంద్ర బ్యాంకుకు ఆర్థర్ బర్న్స్ అధిపతి. ఆయన దగ్గర పనిచేసిన ఆర్థికవేత్త స్టీఫెన్ రోచ్ ఆనాటి ముచ్చట తర్వాత రాశారు. చమురు పెరగడం మన చేతిలో లేదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి అన్నారట బర్న్స్. తర్వాత ఆహారం. ఆపైన పాత కార్లు, పిల్లల బొమ్మలు, చివరికి ఆడవాళ్ల నగలు కూడా! అన్నీ తీసేశాక బుట్టలో మిగిలింది మూడో వంతు మాత్రమే. ఆ మిగిలిన వాటి ధరలు కూడా రెండంకెల శాతంతో పెరుగుతున్నాయని తేలేసరికి, జబ్బు ముదిరిందని ఒప్పుకోక తప్పలేదట. అప్పటికి ఆలస్యమైంది. ఆ దశాబ్దం ముగిసేనాటికి అమెరికాలో ధరలను అదుపు చేయడానికి వడ్డీలను విపరీతంగా పెంచాల్సి వచ్చింది.

ఈ కథలో నీతి ఒకటే. అడ్డొచ్చినవాటిని తీసేయడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు.

మన దేశంలో వడ్డీకీ దీనికీ లంకె

2014 జనవరిలో ఉర్జిత్ పటేల్ కమిటీ, వడ్డీ రేట్లకు వినియోగదారుల ధరల సూచీనే కొలబద్దగా తీసుకోవాలని చెప్పింది. అంతవరకు ఎక్కువగా చూసింది టోకు ధరలను. 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీని వేశారు. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలి, ఎటు జరిగినా 2కు తగ్గకూడదు, 6 దాటకూడదు అని లక్ష్యం పెట్టారు. 2021లోనూ అదే కొనసాగించారు. గుర్తుంచుకోవాల్సిందేమంటే, ఆ లక్ష్యం పెట్టింది మొత్తం బుట్టకు. అంటే ఉల్లిపాయతో సహా!

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లారు. అక్కడ రెండేళ్లపాటు కదలకుండా ఉంచారు. ఎందుకంటే వంటింటి ధరలు దిగిరాలేదు. 2024 అక్టోబరులో మొత్తం ద్రవ్యోల్బణం 6.21 శాతం. ఆహారం ఒక్కటే చూస్తే 10.87 శాతం. కూరగాయలైతే 42.18 శాతం! అదే నెలలో కోర్ మాత్రం 4 శాతం లోపే ఉంది.

అప్పుడు మొదలైంది అసలు వాదన. ఆహారాన్ని తీసేసి లక్ష్యం పెట్టుకోవడం గురించి ఆలోచించాలని 2024 జులైలో వచ్చిన ఆర్థిక సర్వే అప్పటికే సూచించింది. నవంబరులో కేంద్ర మంత్రి పీయూష్ గోయల్, ఆహార ధరలను చూసి వడ్డీ నిర్ణయించడం సరికాదని, అది తన సొంత అభిప్రాయమని అన్నారు. అప్పటి గవర్నరు శక్తికాంత దాస్ మాత్రం ఆ ఆగస్టులోనే తన మాట చెప్పేశారు. జనానికి ధరలంటే ముందు తిండి ధరలే, కోర్ తగ్గిందని మనం నిశ్చింతగా కూర్చోలేం అన్నది ఆయన వాదన.

ఉల్లి దిగింది, బంగారం ఎక్కింది

మరుసటి ఏడాది కథ పూర్తిగా తిరగబడింది. 2025 అక్టోబరులో మొత్తం ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. 2012 సూచీ మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆహారం ధరలు ఏకంగా 5.02 శాతం తగ్గాయి. కూరగాయలు 27.57 శాతం తగ్గాయి. కోర్ మాత్రం 4 శాతానికి పైనే కూర్చుంది. కారణం? బంగారం! 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష రూపాయల గీత తాకి, ఆ తర్వాత ఇంకా పైకి పోయింది. బుట్టలో దాని బరువు నూటికి ఒక్క పాలుకు కాస్త పైన, అంతే. కానీ ధర పెరిగిన తీరుకు మొత్తం కోర్‌నే పైకి లాగింది. డిసెంబరు 5న రెపోను 5.25 శాతానికి తగ్గిస్తూ గవర్నరు సంజయ్ మల్హోత్రా ఒక మాట చెప్పారు. బంగారం తీసేసి చూస్తే అక్టోబరు కోర్ 2.6 శాతమేనని.

అంటే 2024లో ఉల్లిపాయ తీసి చూడమన్నారు. 2025లో బంగారం తీసి చూడాల్సి వచ్చింది. బర్న్స్ గారి కథ గుర్తొస్తోంది కదూ!

అలాగని ఆ రెండు మాటలూ తప్పని కొట్టిపారేయలేం. కూరగాయల అంకెలే మళ్లీ చూడండి. 2023 అక్టోబరులో కూరగాయల బుట్ట వంద రూపాయలనుకుంటే, 2024 అక్టోబరుకు అది 142 అయింది. 2025 అక్టోబరుకు మళ్లీ 103కు వచ్చింది. రెండేళ్లలో నికరంగా పెరిగింది మూడు రూపాయలే. అల వచ్చింది, పోయింది. ఆ అలను చూసి ఇంకా వడ్డీ పెంచి ఉంటే, ఉల్లిపాయ చేసిన తప్పుకు ఇంటి అప్పు తీసుకున్నవాళ్లు శిక్ష అనుభవించేవాళ్లు.

మరి రిజర్వు బ్యాంకు భయం దేనికంటారా? తిండి ధర పెరుగుదల తిండి దగ్గరే ఆగకపోవడం. నెలల తరబడి సరుకుల ధరలు మండుతుంటే పనమ్మాయి జీతం పెంచమంటుంది, అది న్యాయం కూడా. కుట్టుకూలి పెరుగుతుంది. ట్యూషను మాస్టారు ఫీజు పెంచుతారు. తర్వాత టమోటా దిగుతుంది గానీ జాకెట్టు కుట్టుకూలి దిగుతుందా? దిగదు. అప్పటికది కోర్‌లో చేరిపోయింది! 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు అప్పటి డిప్యూటీ గవర్నరు మైకేల్ పాత్రా తన సహచరులతో కలిసి బ్యాంకు బులెటిన్‌లో రాసిన వ్యాసం సరిగ్గా ఈ ప్రమాదం గురించే హెచ్చరించింది.

థాయిలాండ్ కేంద్ర బ్యాంకు 2000 నుంచి కోర్‌నే లక్ష్యంగా పెట్టుకుని నడిచింది. 2015లో దాన్ని వదిలి మొత్తం ద్రవ్యోల్బణానికి మారింది. జనం బతికే ధరలకూ బ్యాంకు చూసే ధరలకూ మధ్య ఎడం ఎక్కువైతే, బ్యాంకు మాట ఎవరు నమ్ముతారు?

ఎవరి బుట్ట ఇది?

సగటు కుటుంబం అన్నాం. ఆ సగటు కుటుంబం ఏ వీధిలో ఉంటుంది? ఎక్కడా ఉండదు! 2023-24 కుటుంబ ఖర్చుల సర్వే ప్రకారం పల్లెల్లో నెల ఖర్చులో 47 శాతం తిండికే పోతోంది. పట్నాల్లో దాదాపు 40 శాతం. సంపాదన తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుంది.

ఓ చిన్న లెక్క వేసుకుందాం. కూలికి వెళ్లే లక్ష్మమ్మ ఇంట్లో ఖర్చులో 55 పాళ్లు తిండికి అనుకోండి. ఉద్యోగం చేసే సుజాత ఇంట్లో 30 పాళ్లు. తిండి ధరలు 11 శాతం, మిగిలినవి 3 శాతం పెరిగిన ఏడాదిలో లక్ష్మమ్మ ఖర్చు 7.4 శాతం పెరుగుతుంది, సుజాతది 5.4 శాతం. కోర్ మాత్రం ఇద్దరికీ ‘3 శాతమే’ అంటుంది. ఆ మూడును చూసి బ్యాంకు వడ్డీ తగ్గిస్తే సుజాత ఇంటి అప్పు వాయిదా తగ్గుతుంది. ఇంటి అప్పు ముఖమే చూడని లక్ష్మమ్మకు ఏం ఒరుగుతుంది? చీటీల్లోనో, పోస్టాఫీసులోనో కూడబెట్టిన నాలుగు డబ్బుల విలువ మాత్రం కరిగిపోతుంది.

ప్రాంతాన్ని బట్టి కూడా తేడానే. 2025 జూన్‌లో తెలంగాణలో ద్రవ్యోల్బణం సున్నా కంటే దిగువన, మైనస్ 0.93 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా సున్నా. అదే నెలలో కేరళలో 6.71 శాతం! రెపో రేటు మాత్రం అందరికీ ఒక్కటే.

ఇంకో మార్పు కూడా జరిగింది. పాత బుట్ట 2011-12 నాటి ఖర్చుల సర్వేతో అల్లింది. అందులో తిండి బరువు మరీ ఎక్కువైందన్న విమర్శ చాలాకాలంగా ఉంది. 2024ను ఆధారంగా పెట్టుకున్న కొత్త సూచీ 2026 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఆహారం బరువు సుమారు 37 పాళ్లకు తగ్గింది. కాబట్టి ఇకమీద ఉల్లిపాయ గంతులేసినా మొత్తం అంకె మునుపటంత అదరదు. ఆహారాన్ని పూర్తిగా తీసేయాలన్న వాదనకు బలం తగ్గడానికి ఇదీ ఒక కారణం కావాలి. బుట్టను సరిచేయడం వేరు, బుట్టలో సగం బయట పారబోయడం వేరు.

మన పద్దు సంగతి

వడ్డీ మారితే మనింట్లో ఏం మారుతుంది? 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ ఇంటి రుణాలను రెపో లాంటి బయటి కొలబద్దకు ముడిపెట్టాలన్నది నిబంధన. పాతిక లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు అనుకుందాం. 9 శాతం వడ్డీకి వాయిదా దాదాపు 22,490 రూపాయలు. 2025లో రెపో తగ్గినంతా, అంటే 1.25 శాతం, మీ అప్పుకూ తగ్గితే అది 20,520 దగ్గరికి వస్తుంది. నెలకు సుమారు రెండు వేలు! అయితే చాలా బ్యాంకులు వాయిదా తగ్గించకుండా గడువు తగ్గిస్తుంటాయి. మీకేది కావాలో అడిగి రాయించుకోవాలి. రెపోకు ముడిపడని పాత రుణమైతే మార్చుకునే వీలుందేమో కనుక్కోవాలి.

డ్వాక్రా సంఘాల సంగతి వేరు. 2022 నాటి జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో మూడు లక్షల దాకా రుణానికి 7 శాతం వడ్డీ అని పెట్టారు. రెపో ఎక్కినా దిగినా వెంటనే కదిలేది కాదది.

నాణేనికి రెండో వైపు డిపాజిట్లు. ఐదు లక్షలు దాచుకున్న పెద్దావిడకు 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 35 వేలు. 6 శాతమైతే 30 వేలే. నెలకు నాలుగొందల పైచిలుకు కోత. మందుల ఖర్చే ఆవిడ బుట్టలో పెద్ద పద్దు అయితే, టమోటా దిగిందన్న సంబరం ఆవిడకెక్కడిది? కాబట్టి డిపాజిట్ వేసేటప్పుడు వడ్డీ శాతాన్ని పేపర్లో అంకెతో కాక, మన ఇంటి అంకెతో పోల్చుకోవాలి. అది తెలుసుకోవడం కష్టమేం కాదు. నిరుటి పద్దు పుస్తకం, ఈ ఏటి పద్దు పుస్తకం పక్కపక్కన పెట్టి, ఒకే సరుకులకు ఒకే నెలలో ఎంతయిందో చూస్తే చాలు.

కోర్ అన్నది అబద్ధపు లెక్క కాదు. ధరల వేడి లోపలికి ఎంత దిగిందో చెప్పే పనిముట్టు. రిజర్వు బ్యాంకు దాన్ని చూడాల్సిందే. కానీ దాన్ని చూడటం వేరు, దానికే కట్టుబడటం వేరు. ఉల్లిపాయ ధర వడ్డీతో దిగదంటే నిజమే. దానికి గోదాములు కావాలి, శీతల గిడ్డంగులు కావాలి, రైతుకు సకాలంలో విత్తనం, నీరు కావాలి. ఆ పని ప్రభుత్వాలది. ఆ పని జరగనంతకాలం ఉల్లిపాయను లెక్కలోంచి తీసేస్తే, ఆ సంగతి అడిగే అంకె కూడా లేకుండా పోతుంది. 2025 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ఓ చర్చా పత్రం పెట్టి, ఏ అంకెను లక్ష్యంగా ఉంచాలో చెప్పమని అందరినీ అడిగింది. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఆర్థికవేత్తలకు ఎంతుందో, రోజూ తక్కెడ ముందు నిలబడే మనకూ అంతే ఉంది. ఈసారి పేపర్లో ఆ రెండు అంకెలూ కనబడితే పేజీ తిప్పేయకండి. రెండింటి మధ్య ఎడం ఎంతుందో చూడండి. ఆ ఎడంలో ఉన్నది మన వంటిల్లే.